కమ్యూనిటీ కాలేజీ నుంచి డిగ్రీ తీసుకోకుండానే వచ్చేశారా? రివర్స్ ట్రాన్స్‌ఫర్ మీద మీ ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి ఎలా మారాలో రాశాం కదా, దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. మారాం, తర్వాత మధ్యలో ఆగిపోయాం, ఇప్పుడు రెండేళ్ళ డిగ్రీ లేదు, నాలుగేళ్ళ డిగ్రీ లేదు, ఏం చెయ్యాలి అని. దీనికి ఒక దారి రివర్స్ ట్రాన్స్‌ఫర్, అంటే యూనివర్సిటీలో చేసిన క్రెడిట్లని వెనక్కి కమ్యూనిటీ కాలేజీకి పంపి అక్కడి రెండేళ్ళ డిగ్రీ తీసుకోవడం. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మేము డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో 39 క్రెడిట్లు చేసి, టెక్సస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. అక్కడ ఇంకో 33 క్రెడిట్లు అయ్యాయి. ఆ టైమ్‌లోనే మా ఆయన ఉద్యోగం పోయింది, వాడికీ ఒంట్లో బాగోలేదు, సెమిస్టర్ మధ్యలో మానేశాడు. ఇప్పుడు స్టోర్‌లో పని చేస్తున్నాడు. 72 క్రెడిట్లు ఉండి కూడా చేతిలో ఒక్క కాగితం లేదు. రివర్స్ ట్రాన్స్‌ఫర్ అని ఒకటుంది, 400 డాలర్లు ఇస్తే చేయిస్తా అని ఒకతను అంటున్నాడు. మా చుట్టాలేమో అది అసలు డిగ్రీయే కాదు అంటున్నారు. నేను కాలేజీకి ఫోన్ చేస్తే ఏమీ చెప్పట్లేదు. వాడేమో ఆ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోతున్నాడు.

జవాబు: అమ్మా, ముందు ఆ 400 డాలర్లు ఎవరికీ ఇవ్వకండి. ఇందులో మధ్యవర్తి చేసే పని అంటూ ఏమీ లేదు, అంతా మీ అబ్బాయికి, రెండు కాలేజీల రిజిస్ట్రార్ ఆఫీసులకి (స్టూడెంట్ల రికార్డులు చూసే ఆఫీసులు) మధ్య జరిగే వ్యవహారం. మహా అయితే ట్రాన్స్‌క్రిప్ట్ (చేసిన కోర్సులు, గ్రేడ్ల రికార్డు) ఫీజు అవుతుంది, కొన్ని చోట్ల గ్రాడ్యుయేషన్ అప్లికేషన్‌కి చిన్న ఫీజు ఉంటుంది, రివర్స్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో పంపితే చాలా చోట్ల అది కూడా ఉండదు.

అసలు సంగతేంటంటే, అసోసియేట్ డిగ్రీకి, అంటే ఆ రెండేళ్ళ డిగ్రీకి, మామూలుగా 60 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి. మీ వాడు కమ్యూనిటీ కాలేజీలో 39 దగ్గర ఆపి వెళ్ళాడు, మిగతావి యూనివర్సిటీలో చేశాడు. ఆ యూనివర్సిటీ క్రెడిట్లని వెనక్కి కమ్యూనిటీ కాలేజీకి పంపిస్తే, వాళ్ళు రెండూ కలిపి చూసి, తమ డిగ్రీకి కావాల్సిన కోర్సులన్నీ ఉన్నాయనుకుంటే డిగ్రీ ఇచ్చేస్తారు. అంతే. డిప్లొమా మీద రివర్స్ అనే మాట ఎక్కడా ఉండదు, క్లాసులో కూర్చుని అక్కడే పూర్తి చేసిన పిల్లలకి ఇచ్చే డిగ్రీ ఏదో అదే ఇస్తారు, అదే కాలేజీ, అదే అక్రెడిటేషన్ (గుర్తింపు). కాబట్టి మీ చుట్టాల మాట పట్టించుకోకండి. ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కూడా కాదు. టెక్సస్‌లోనే ఎల్ పాసోలో అక్కడి కమ్యూనిటీ కాలేజీ, యూనివర్సిటీ కలిసి 2006 ప్రాంతంలోనే మొదలుపెట్టాయి, 2012లో లూమినా ఫౌండేషన్, ఇంకొన్ని ఫౌండేషన్లు కలిసి డబ్బు పెట్టి ముందు 12 రాష్ట్రాల్లో దీన్ని పెద్ద ఎత్తున చేయించాయి.

టెక్సస్‌లో దీనికి చట్టమే ఉంది. 2011లో తెచ్చారు, తర్వాత మార్చారు. కమ్యూనిటీ కాలేజీలో కనీసం 30 క్రెడిట్లు చేసి వచ్చిన స్టూడెంట్‌కి మొత్తం కలిపి 66 అయ్యాయంటే, పబ్లిక్ యూనివర్సిటీ వాళ్ళే ఆ స్టూడెంట్‌కి మెయిల్ పెట్టి, నీ ట్రాన్స్‌క్రిప్ట్ పాత కాలేజీకి పంపమంటావా అని అడగాలి. మీ వాడికి 39, మొత్తం 72. అంటే ఆ మెయిల్ వచ్చే ఉండొచ్చు. కానీ అది యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ ఐడీకి వస్తుంది, మానేసిన పిల్లాడు ఆ ఇన్‌బాక్స్ ఎందుకు తెరుస్తాడు చెప్పండి. ఇలా ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు, క్రెడిట్లు లేక కాదు, ఆ ఒక్క అవును అనే జవాబు వెళ్ళక. పాత మెయిల్ లాగిన్ పనిచేస్తుంటే వెతకమనండి, పనిచెయ్యకపోతే ఏం ఫర్లేదు, రిజిస్ట్రార్‌కి మామూలు మెయిల్ నుంచి రాసి అడగొచ్చు.

ఇక మీరు ఫోన్ చేస్తే ఎందుకు చెప్పట్లేదంటే, 1974 నాటి ఫెర్పా అనే ఫెడరల్ చట్టం. పిల్లలు కాలేజీలో చేరిన దగ్గర్నుంచి వాళ్ళ రికార్డుల మీద హక్కు వాళ్ళదే, ఫీజు మీరు కట్టినా సరే. వాళ్ళు మీతో దురుసుగా ఉన్నారని అనుకోకండి, అబ్బాయి ఒప్పుకోలు లేకుండా మామూలుగా చెప్పరు. రివర్స్ ట్రాన్స్‌ఫర్‌కి కూడా అందుకే అబ్బాయి సంతకమో, ఆన్‌లైన్‌లో ఒప్పుకోవడమో కావాలి. మీరు చెయ్యగలిగింది పక్కన కూర్చోవడం. డిగ్రీ ఎందుకు వదిలేశావ్ అని మొదలుపెట్టకుండా, నువ్వు చేసింది ఇప్పటికే ఒక డిగ్రీకి సరిపోతుందేమో చూద్దామా నాన్నా అని మొదలుపెట్టండి. మధ్యలో మానేసిన పిల్లలకి తాము ఏమీ సాధించలేదనే భావన గట్టిగా ఉంటుంది, 72 క్రెడిట్లు పాసవ్వడం ఏమీ సాధించకపోవడం కాదు, ఆ మాట ఇంట్లోవాళ్ళ నోటి నుంచే వినాలి వాడు.

ఇప్పుడు అసలు చిక్కు ఎక్కడొస్తుందో చెప్తా. మొత్తం 60 దాటితే సరిపోదు, ఏ కోర్సులు అనేది ముఖ్యం. టెక్సస్‌లో 42 క్రెడిట్ల కోర్ కరిక్యులమ్ (అందరూ చెయ్యాల్సిన కోర్సులు) ఉంటుంది, అందులో అమెరికన్ హిస్టరీ 6, గవర్నమెంట్ 6, మ్యాథ్ 3, సైన్స్ 6, ఇలా. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్ళిన మన పిల్లలు మ్యాథ్, ఫిజిక్స్ గబగబా చేసేసి హిస్టరీ, గవర్నమెంట్ తర్వాత చూద్దాంలే అని వెనక్కి నెట్టేస్తారు. సరిగ్గా అవే మిగిలిపోతాయి. ఒకటో రెండో మిగిలితే కమ్యూనిటీ కాలేజీలోనే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, ఉద్యోగం చేస్తూనే. అందుకే డిగ్రీ ఆడిట్ ఇమ్మని అడగమనండి, ఏం ఉన్నాయి ఏం లేవు అనేది ఒక్క పేజీలో వచ్చేస్తుంది. ఇంకో మాట, సి కన్నా తక్కువ గ్రేడ్ వచ్చిన కోర్సుని చాలా కాలేజీలు ట్రాన్స్‌ఫర్‌లో తీసుకోవు, జీపీఏ 2.0 ఉండాలి.

సెమిస్టర్ మధ్యలో మానేశాడన్నారు, ఫెడరల్ ఎయిడ్ (చదువుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) తీసుకున్నాడా? సెమిస్టర్‌లో 60 శాతం దాటకముందే మానేస్తే ఎయిడ్‌లో కొంత భాగం ప్రభుత్వానికి వెనక్కి పోతుంది, ఆ లోటు యూనివర్సిటీ మీ వాడి అకౌంట్‌లో బాకీగా వేస్తుంది. ఆ బాకీ ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ మీద హోల్డ్ పడి, అంటే బాకీ తీరేదాకా ఇవ్వకుండా ఆపేసి, ఉండొచ్చు. అదుందని తెలిసి మాట్లాడకుండా ఊరుకునేవాళ్ళు చాలామంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన ఫెడరల్ రూల్ ఒకటుంది, ఫెడరల్ ఎయిడ్ తీసుకున్న సెమిస్టర్లలో, ఫీజు పూర్తిగా కట్టేసిన సెమిస్టర్ల క్రెడిట్లకి ట్రాన్స్‌క్రిప్ట్ ఇవ్వాలి అని. అంటే చివరి సెమిస్టర్ బాకీ ఉన్నా ముందు సెమిస్టర్లవి అడగొచ్చు. బర్సర్ ఆఫీసుకి (ఫీజుల లెక్కలు చూసే ఆఫీసు) రాసి బాకీ ఎంత, వాయిదాల్లో కట్టొచ్చా అని కూడా అడగమనండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

ప్రశ్న: అమ్మా, నా వయసు 47. కనెక్టికట్‌లో ఉంటాను. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు కమ్యూనిటీ కాలేజీలో 38 క్రెడిట్లు చేశాను, తర్వాత వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో ఆన్‌లైన్‌లో 24 చేశాను, పిల్లలు పుట్టాక ఆపేశాను. ఇప్పుడు నేను పనిచేసే చోట సూపర్‌వైజర్ పోస్టుకి అసోసియేట్ డిగ్రీ ఉండాలంటున్నారు. నా కాలేజీ పేరే ఇప్పుడు లేదు. ఆ యూనివర్సిటీకి అడిగితే మాకు రివర్స్ ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రామ్ లేదు అన్నారు. అంటే ఇక దారి లేనట్టేనా?

జవాబు: దారుందండి. మీరు అడిగినవి మూడు వేరు వేరు విషయాలు, కలిపేసరికి గోడలా కనిపిస్తున్నాయి అంతే.

కాలేజీ పేరు లేకపోవడం గురించి ముందు. కనెక్టికట్‌లో 12 కమ్యూనిటీ కాలేజీలు 2023 జూలైలో కలిసిపోయి కనెక్టికట్ స్టేట్ కమ్యూనిటీ కాలేజీ అని ఒక్కటే అయ్యాయి. మీ పాత రికార్డు ఎక్కడికీ పోలేదు, కొత్త కాలేజీ దగ్గర ఉంటుంది. డాలస్‌లో కూడా ఇలాగే ఏడు కాలేజీలు 2020లో ఒక్క డాలస్ కాలేజీ అయ్యాయి, అక్కడి పాఠకులు కూడా గమనించండి. రాసేటప్పుడు అప్పటి మీ ఇంటిపేరు, పుట్టినతేదీ, చదివిన సంవత్సరాలు, గుర్తుంటే స్టూడెంట్ నంబర్ పెట్టండి.

రెండోది ప్రోగ్రామ్ లేదన్న మాట. దాని అర్థం వాళ్ళంతట వాళ్ళు పంపించే ఏర్పాటు లేదని, అంతేగానీ మీ క్రెడిట్లు పనికిరావని కాదు. ఒప్పందాలు, చట్టాలు, నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ (కాలేజీల మధ్య స్టూడెంట్ల రికార్డులు చేరవేసే సంస్థ) ద్వారా ఫైళ్ళు పంపుకోవడం ఇవన్నీ పని సులువు చెయ్యడానికే. అవేవీ లేకపోయినా మీరే అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఆర్డర్ చేసి కమ్యూనిటీ కాలేజీకి పంపించి, మళ్ళీ స్టూడెంట్‌గా రీఅడ్మిషన్ అప్లికేషన్ పెట్టి, ట్రాన్స్‌ఫర్ క్రెడిట్ ఇవాల్యుయేషన్ అడగొచ్చు. ఏ రాష్ట్రం నుంచైనా, ఏ ప్రైవేట్ యూనివర్సిటీ నుంచైనా, దానికి సరైన అక్రెడిటేషన్ ఉంటే చాలు. ఫోన్‌లో రివర్స్ ట్రాన్స్‌ఫర్ అనే మాట వాడి, లేదండి అనిపించుకుని చాలామంది అక్కడితో ఆగిపోతున్నారు, నాకు ఇది చూస్తుంటే నిజంగా బాధగా ఉంటుంది. నా పాత డిగ్రీ పూర్తి చెయ్యాలనుకుంటున్నా, వేరే చోట చేసిన క్రెడిట్లు కలిపి చూడండి అని అడగండి.

మూడోది, ఈ క్రెడిట్లు సరిపోతాయా అని. 38, 24 కలిపితే 62 కదా అనుకుంటారు, కానీ ఆ 38లో కాలేజీకి ముందు స్థాయి ఇంగ్లీష్, మ్యాథ్ కోర్సులు ఏమైనా ఉన్నాయేమో చూడండి. కొత్తగా వచ్చినవాళ్ళకి ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి అవి చేయించేవాళ్ళు, వాటికి ట్రాన్స్‌క్రిప్ట్‌లో క్రెడిట్ అంకె కనిపించినా డిగ్రీ లెక్కలోకి రావు. అలా ఆరో తొమ్మిదో పోతే 60కి నాలుగో ఏడో తక్కువవుతాయి, అవి ఇప్పుడు చెయ్యాల్సి ఉంటుంది. ఆ కాలేజీలోనే చెయ్యాల్సిన కనీస భాగం, దాన్ని రెసిడెన్సీ అంటారు, సాధారణంగా డిగ్రీలో నాలుగో వంతు, అంటే 15 క్రెడిట్లు, అది మీకు ఇబ్బంది కాదు. క్రెడిట్లకి ఎక్స్‌పైరీ డేట్ అంటూ మామూలుగా ఉండదు, ఇంగ్లీష్ కాంపోజిషన్, సైకాలజీ ఎప్పుడు చేసినా తీసుకుంటారు, పాత కంప్యూటర్ కోర్సులు, కొన్ని సైన్స్ కోర్సుల దగ్గర మాత్రం డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళు గ్యాప్ వచ్చింది కాబట్టి ఇప్పటి క్యాటలాగ్ (డిగ్రీల నియమాల పుస్తకం) ప్రకారమే చూస్తారు, అప్పటి డిగ్రీ అదే పేరుతో ఇప్పుడు ఉండకపోవచ్చు, జనరల్ స్టడీస్ లాంటి డిగ్రీలో ఎక్కువ కోర్సులు ఇముడుతాయి, ఏ డిగ్రీలో తక్కువ మిగులుతాయో రెండు మూడింటికి ఆడిట్ వేయించి చూడండి. మిగిలిన వాటిలో కొన్ని కాలేజ్ బోర్డ్ వాళ్ళ క్లెప్ పరీక్షలు రాసి కూడా పూర్తి చెయ్యొచ్చు, ఆ కాలేజీ ఏ సబ్జెక్టుకి ఒప్పుకుంటుందో ముందే అడిగి రాయండి.

ఇది చేస్తే లాభమెంత అని మీరు అడగలేదు కానీ చెప్తా, ఎందుకంటే కొందరు మరీ ఆశ పెడుతున్నారు. 2023లో అమెరికా కార్మికశాఖ లెక్కల ప్రకారం కాలేజీ చదివి డిగ్రీ లేనివాళ్ళ వారం జీతం మధ్యస్థంగా 992 డాలర్లు, అసోసియేట్ ఉన్నవాళ్ళది 1,058, బ్యాచిలర్స్ ఉన్నవాళ్ళది 1,493. మొదటి రెండింటికీ తేడా పెద్దదేం కాదు. మీ విషయం వేరు, ఆ పోస్టుకి డిగ్రీ ఉండాలని రాసిపెట్టారు, కంప్యూటర్‌లో అప్లికేషన్ వడపోత దగ్గరే ఆగిపోతున్నారు, కాబట్టి మీకు ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని. 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద కాలేజీలో చేరి ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఆగిపోయిన 65 ఏళ్ళలోపు వాళ్ళు 3.6 కోట్లకి పైనే ఉన్నారు. 47 ఏళ్ళకి వెళ్ళి అడిగితే ఏమనుకుంటారో అని సంకోచించకండి, ఆ ఆఫీసు వాళ్ళు రోజూ మీలాంటి వాళ్ళ ఫైళ్ళే చూస్తుంటారు.

ప్రశ్న: మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్‌కి ముందు చెయ్యాల్సిన కోర్సులు చేసి, బీఎస్ఎన్‌కి (నర్సింగ్‌లో నాలుగేళ్ళ డిగ్రీ) యూనివర్సిటీకి వెళ్ళి ఏడాది తర్వాత ఆపేసింది. రివర్స్ ట్రాన్స్‌ఫర్‌తో అసోసియేట్ వస్తే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) అవుతుందా?

జవాబు: అవ్వదండి. ఆర్ఎన్ లైసెన్స్‌కి ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి, అది రాయాలంటే స్టేట్ నర్సింగ్ బోర్డు ఆమోదించిన ప్రోగ్రామ్ క్లినికల్స్‌తో (ఆసుపత్రిలో శిక్షణ) సహా పూర్తి చేసి ఉండాలి. రివర్స్ ట్రాన్స్‌ఫర్‌లో ఎక్కువగా వచ్చేది అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, లేదా అసోసియేట్ ఆఫ్ సైన్స్, జనరల్ చదువు డిగ్రీ. అది తీసుకోవడంలో నష్టం లేదు, కానీ ఆర్ఎన్ కావాలంటే కమ్యూనిటీ కాలేజీ ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ) ప్రోగ్రామ్‌కి విడిగా అప్లై చెయ్యాలి. అనాటమీ, మైక్రోబయాలజీ లాంటివి ఇన్నేళ్ళలోపే చేసి ఉండాలని చాలా నర్సింగ్ ప్రోగ్రామ్‌లు షరతు పెడతాయి, కాబట్టి ఎక్కువ ఆలస్యం చెయ్యొద్దని చెప్పండి.

ప్రశ్న: అక్కా, నేను బే ఏరియాలో క్వార్టర్ సిస్టమ్ కమ్యూనిటీ కాలేజీలో 70 యూనిట్లు (క్రెడిట్లు) చేసి సీఎస్‌యూకి, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి వచ్చా. ఇప్పుడు సీనియర్‌ని, ఇంకో ఏడాదిలో బ్యాచిలర్స్ అయిపోతుంది. ఇప్పుడు వెనక్కి వెళ్ళి అసోసియేట్ తీసుకోవడం టైమ్ వేస్టా? దానివల్ల నా పెల్ గ్రాంట్ (ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని చదువు సాయం) ఆగిపోతుందని ఫ్రెండ్ అంటోంది.

జవాబు: తల్లీ, పెల్ ఆగదు. పెల్ ఆగేది మొదటి బ్యాచిలర్స్ వచ్చాక, లేదా జీవితకాలం పరిమితి 12 సెమిస్టర్లు అయిపోతే. అసోసియేట్ వచ్చినంత మాత్రాన ఏమీ కాదు. నీ బ్యాచిలర్స్ యూనిట్లు కూడా తగ్గిపోవు, అక్కడ లెక్కపెట్టినవే ఇక్కడా లెక్కపెడతారు అంతే.

తీసుకో అనే చెప్తా. ఇంకో ఏడాదే కదా అనుకుంటాం, ఆ ఏడాదిలో ఇంట్లో ఏదైనా జరగొచ్చు, పై ఉత్తరాలు చూడు. ఇప్పుడైతే నీ లాగిన్‌లు పనిచేస్తున్నాయి, అడ్వైజర్ తెలుసు, హోల్డ్ లేదు, పని తేలిక.

లెక్క మాత్రం జాగ్రత్తగా వెయ్యి. క్వార్టర్ యూనిట్ అంటే సెమిస్టర్ యూనిట్‌లో మూడింట రెండు వంతులు. అసోసియేట్‌కి 60 సెమిస్టర్ యూనిట్లు, అంటే 90 క్వార్టర్ యూనిట్లు. నీకు 20 తక్కువ, వాటికి సీఎస్‌యూ నుంచి 13.3 సెమిస్టర్ యూనిట్లు కావాలి, మూడేసి యూనిట్ల కోర్సులు ఐదు పంపితే దాటేస్తావ్. కాలిఫోర్నియాలో ఆ కాలేజీలో కనీసం 12 సెమిస్టర్ యూనిట్లు చేసి ఉండాలి, నీవి ఎప్పుడో అయ్యాయి. మేజర్‌లో 18 ఉండాలి, సీఎస్‌యూలో చేసిన కోర్సు అక్కడి కోర్సుకి సమానం అనిపించుకోవాలంటే సిలబస్ అడగొచ్చు, పాత సిలబస్ పీడీఎఫ్‌లు అన్నీ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, గ్రాడ్యుయేట్ అయ్యాక ఆ క్లాస్ పేజీలు తెరుచుకోవు. ఈ మధ్య కమ్యూనిటీ కాలేజీ డిగ్రీలకి కూడా ఎత్నిక్ స్టడీస్ పెట్టారు, నువ్వు సీఎస్‌యూలో అది చేసే ఉంటే దాన్నే వాడుకోవచ్చు.

అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ అని 2010 చట్టంతో వచ్చింది ఒకటుంది, దానికోసం కూర్చోకు. దాని ఉపయోగం సీఎస్‌యూలో సీటు గ్యారంటీ, నువ్వు ఆల్రెడీ లోపలే ఉన్నావ్. మామూలు ఏఏ గానీ ఏఎస్ గానీ, ఏది త్వరగా కుదిరితే అది అడుగు.

కమ్యూనిటీ కాలేజీ వెబ్‌సైట్‌లో గ్రాడ్యుయేషన్ పిటిషన్ (డిగ్రీ ఇమ్మని పెట్టే అప్లికేషన్) గడువు ప్రతి టర్మ్‌కి వేరుగా ఉంటుంది, అది చూసి దానికి కనీసం నెల ముందే ట్రాన్స్‌క్రిప్ట్ చేరేలా పంపు, ఇవాల్యుయేషన్‌కి వారాలు పడుతుంది. గడువు దాటితే తర్వాతి టర్మ్ తేదీతోనే డిగ్రీ ఇస్తారు, వెనక తేదీ వెయ్యరు, కాబట్టి ఏదైనా ఇంటర్న్‌షిప్‌కి చూపించాలనుకుంటే ఈ టర్మ్‌లోనే పెట్టేయ్. పిటిషన్‌లో డిప్లొమా పంపాల్సిన అడ్రస్ అడుగుతారు, హాస్టల్‌ది కాకుండా ఇంటి అడ్రస్ ఇవ్వు.